పీహెచ్‌పీ 8.1కి మారాక తెల్ల పేజీలు, ప్రతి ఫైల్లోనూ ట్రై క్యాచ్ పెట్టేయాలా?

తెల్లపేజీ_బాధితుడు
పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో రాసిన పాత సైట్ ఒకటి నా నెత్తిన పడింది. రాసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మొన్నటిదాకా 7.4 మీద నడిచింది, హోస్టింగ్ వాళ్లు 8.1కి మార్చారు, అప్పట్నుంచి కొన్ని పేజీలు పూర్తి తెల్లగా వస్తున్నాయి. అన్నీ కాదు, వచ్చినవి కూడా అన్నిసార్లూ కాదు. ఎక్కువ గొడవ కొత్త సభ్యులు రిజిస్టర్ అయ్యే పేజీతో. కోడ్ నిండా వార్నింగులని దాచే @ గుర్తులే. ఎక్సెప్షన్ (కోడ్ విసిరే తప్పు) వస్తే క్యాచ్ పట్టుకోవాలి కదా అని, ఆ పేజీలో నేనే ట్రై పెట్టి, క్యాచ్‌లో ఎక్సెప్షన్ అని రాసి చూశాను, అయినా పట్టుకోవట్లేదు, మళ్లీ అదే తెలుపు. మా సీనియర్ ఒకాయన "ప్రతి ఫైల్ మొదట్లో ట్రై, చివర్లో ఖాళీ క్యాచ్ పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. వందల ఫైళ్లున్నాయి. నాకు మనసొప్పట్లేదు గానీ ఎందుకు కూడదో ఆయనకు చెప్పడానికి గట్టి కారణం దొరకట్లేదు. ఏం చేయమంటారు?

సెమీకోలన్
సర్వర్ తప్పులు రాసుకునే లాగ్‌లో ఏముంది? అది చెప్పకుండా ఎవరేం చెప్పినా ఊహే.

తెల్లపేజీ_బాధితుడు
లాగ్ ఖాళీ. నిజంగా ఖాళీ, ఆ పేజీకి సంబంధించి ఒక్క లైను లేదు. తప్పులని పేజీ మీదే చూపించే డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేసి చూడనా?

రాత్రి_డ్యూటీ
లైవ్ సర్వర్ మీదా? వద్దు బాబూ. డేటాబేస్ కనెక్షన్ దగ్గర పడిందంటే ఫైళ్ల పాత్‌లు, యూజర్ పేరు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌తో సహా స్టాక్ ట్రేస్ మొత్తం వచ్చినవాడికల్లా కనిపిస్తుంది. లైవ్‌లో డిస్‌ప్లే ఆఫ్, లాగ్ ఎర్రర్స్ ఆన్, రిపోర్టింగ్ పూర్తిగా. డిస్‌ప్లే ఆన్ చేసే సరదా మీ సొంత మెషీన్లో తీర్చుకోండి.

కోడ్_కాకి
ఆ పేజీ స్టేటస్ కోడ్ ఎంత వస్తోంది? బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి.

తెల్లపేజీ_బాధితుడు
200, అంటే అంతా సవ్యమే అని. అదే ఇంకా వింతగా ఉంది.

కోడ్_కాకి
అయితే వింతేం లేదు, సగం తెలిసిపోయింది. డిస్‌ప్లే ఆఫ్‌లో ఉండి ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే, హెడర్లు అప్పటికే వెళ్లిపోకపోతే, పీహెచ్‌పీ తనంతట తనే 500 (సర్వర్‌లో తప్పు అని) పంపుతుంది, లాగ్‌లో ఒక లైను కూడా రాస్తుంది. మీకు 200 వచ్చి, లాగ్ కూడా ఖాళీగా ఉందంటే మధ్యలో ఎవరో దాన్ని పట్టుకుని మింగేస్తున్నారు. ప్రాజెక్ట్ మొత్తంలో "సెట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్" అనే ఫంక్షన్ ఎక్కడుందో వెతకండి. దాంతోపాటే "ఎర్రర్ రిపోర్టింగ్" బ్రాకెట్లో సున్నా ఉందేమో కూడా చూడండి.

తెల్లపేజీ_బాధితుడు
రెండూ ఉన్నాయి!! కాన్ఫిగ్ ఫైల్లో మొదటి లైనే ఎర్రర్ రిపోర్టింగ్ సున్నా. దాని కింద ఎక్సెప్షన్ హ్యాండ్లర్, లోపల ఎగ్జిట్ తప్ప ఇంకేం లేదు.

సెమీకోలన్
మీ సీనియర్ సలహా మీకంటే ముందే ఎవరో పాటించారన్నమాట 😂 ఆయనకు చెప్పాల్సిన కారణం దొరికిందిగా.

పాతకాపు
ఆ పాతవాళ్లను మరీ తిట్టకండి, వాళ్ల కాలం వేరు. 2004లో పీహెచ్‌పీ 5 వచ్చేదాకా ఈ భాషలో ట్రై క్యాచ్ అనేదే లేదు. ఫంక్షన్ విఫలమైతే ఫాల్స్ ఇస్తుంది, పక్కన ఒక వార్నింగ్ పేజీ మీదే అచ్చవుతుంది. ఆ వార్నింగ్ పేజీ రూపం చెడగొడుతుందని ముందు @ పెట్టేవాళ్లు. ఏం జరిగినా చివర్లో నడిచే ఫైనల్లీ అయితే 5.5 దాకా రానేలేదు. అసలు మార్పు 2015 చివర్లో 7తో వచ్చింది. అంతకుముందు ఫేటల్ ఎర్రర్ అంటే స్క్రిప్ట్ అక్కడికక్కడే చచ్చేది, పట్టుకునే దారి లేదు. 7 నుంచి అలాంటివి చాలావరకు ఎర్రర్ అనే క్లాస్‌గా విసరడం మొదలైంది. ఇక్కడే చాలామంది తడబడేది: ఎర్రర్, ఎక్సెప్షన్ రెండూ అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కాదు. రెండింటికీ పైన త్రోవబుల్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. కాబట్టి క్యాచ్‌లో ఎక్సెప్షన్ అని రాస్తే టైప్ ఎర్రర్ గానీ, లేని ఫంక్షన్ పిలిచినప్పుడు వచ్చే ఎర్రర్ గానీ దానికి చిక్కవు. అన్నిటికంటే పైన ఉండే హ్యాండ్లర్‌లో మాత్రం త్రోవబుల్ అనే పెట్టాలి. 5 కాలంలో హ్యాండ్లర్ పారామీటర్‌కి ఎక్సెప్షన్ అని టైప్ రాసినవాళ్లకి 7కి మారగానే ఆ హ్యాండ్లరే పేలింది, ఎందుకంటే లోపలికి వచ్చింది ఎర్రర్.

తెల్లపేజీ_బాధితుడు
పాతకాపు గారూ, త్రోవబుల్ అని మార్చి చూశాను. అయినా నా క్యాచ్ పట్టుకోలేదు. హ్యాండ్లర్‌లో లాగ్ రాసే లైను పెట్టాను కాబట్టి ఇప్పుడు లాగ్ అయితే వస్తోంది: మైఎస్క్యూఎల్ఐ (డేటాబేస్‌తో మాట్లాడే భాగం) ఎక్సెప్షన్, డూప్లికేట్ ఎంట్రీ, మెయిల్ కీ. అంటే హ్యాండ్లర్ దాకా వెళ్తోంది, దారిలో ఉన్న నా క్యాచ్‌ని దాటుకుని మరీ.

నల్లపూస
ఫైల్ పైన నేమ్‌స్పేస్ అని, అంటే క్లాసుల పేర్లని గుంపులుగా విడదీసే లైను, ఉందా?

తెల్లపేజీ_బాధితుడు
ఉంది. ఎవరో సగం ఫైళ్లను కొత్త పద్ధతిలోకి మార్చి వదిలేశారు.

నల్లపూస
అదీ సంగతి. నేమ్‌స్పేస్ లోపల ఉత్తగా త్రోవబుల్ అనో ఎక్సెప్షన్ అనో రాస్తే, పీహెచ్‌పీ దాన్ని మీ నేమ్‌స్పేస్‌లోని త్రోవబుల్‌గా చదువుతుంది. అలాంటిది ఎక్కడా లేదు. లేదని ఒక్క మాట కూడా అనదు, ఎందుకంటే క్యాచ్‌లో రాసిన పేరు నిజంగా ఉందా అని అది తనిఖీ చేయదు, ఆ పేరుకు సరిపోలేదనుకుని ముందుకు పోతుంది. ఫంక్షన్లకైతే ఇక్కడ దొరక్కపోతే గ్లోబల్‌లో వెతుకుతుంది, క్లాసులకు ఆ సదుపాయం లేదు. పేరు ముందు \ పెట్టండి, లేదా పైన యూజ్ లైను రాయండి. స్టాటిక్ అనాలిసిస్ టూల్ ఏదైనా, పీహెచ్‌పీస్టాన్ లాంటిది, నడిపితే ఇలాంటివన్నీ ఒకేసారి బయటపడతాయి.

తెల్లపేజీ_బాధితుడు
పట్టుకుంది!!! నల్లపూస గారూ దండాలు.

కోడ్_కాకి
దండాలు సరే, రోగం ఇంకా అక్కడే ఉంది. 7.4లో ఎందుకు రాలేదు, 8.1లోనే ఎందుకొచ్చింది అన్నది చూడండి. 8.1లో మైఎస్క్యూఎల్ఐ డిఫాల్ట్ మారింది. అంతకుముందు క్వెరీ విఫలమైతే ఫాల్స్ ఇచ్చేది, ఇప్పుడు ఎక్సెప్షన్ విసురుతుంది. డేటాబేస్‌కి ఇంకో దారి అయిన పీడీఓలో ఇదే మార్పు 8.0లోనే జరిగింది. మీ పాత కోడ్‌లో ఇన్సర్ట్ తర్వాత "ఫాల్స్ వస్తే, ఈ మెయిల్ ఇప్పటికే ఉంది అని చూపించు" అన్న ఇఫ్ ఒకటి ఉండే ఉంటుంది. ఇప్పుడు ఆ ఇఫ్ దాకా అమలు చేరదు. పాత మెయిల్‌తో మళ్లీ రిజిస్టర్ అవ్వబోయినవాళ్లకే తెల్ల పేజీ. అందుకే మీకు "అప్పుడప్పుడు" వస్తోంది.

తెల్లపేజీ_బాధితుడు
ఉంది, అచ్చం మీరు చెప్పిన ఇఫ్. క్వెరీ ముందు @ కూడా ఉంది.

కోడ్_కాకి
@ ఎక్సెప్షన్‌ని ఆపదు. అది వార్నింగ్ నోరు మాత్రమే మూస్తుంది.

నడిస్తేచాలు
ఇంత రామాయణం ఎందుకు? మైఎస్క్యూఎల్ఐ రిపోర్ట్ ఆఫ్ అని ఒక్క లైను కాన్ఫిగ్‌లో పెట్టండి, 7.4 ప్రవర్తన తిరిగొస్తుంది, సైట్ నడుస్తుంది. క్లయింట్‌కి కావాల్సింది నడిచే సైట్, మీ త్రోవబుల్ కాదు.

రాత్రి_డ్యూటీ
నడుస్తుంది. ఎటు నడుస్తుందో తెలియదు, అంతే.

నడిస్తేచాలు
జోకులు బాగానే ఉన్నాయి. వందల ఫైళ్లలో ప్రతి క్వెరీ చుట్టూ వచ్చి మీరు ట్రై క్యాచ్ రాస్తారా?

నల్లపూస
ప్రతి క్వెరీ చుట్టూ రాయమని ఇక్కడ ఎవరూ అనలేదండీ. అసలు తగువు అక్కడే. క్యాచ్ రాసే ముందు నన్ను నేను అడిగే ప్రశ్న ఒకటే: పట్టుకున్నాక ఇక్కడ నేను చేయగలిగింది ఏమైనా ఉందా? రిజిస్ట్రేషన్ పేజీలో డూప్లికేట్ మెయిల్ వస్తే చేయగలిగింది ఉంది, యూజర్‌కి ఆ మాట చెప్పొచ్చు. కాబట్టి అక్కడ క్యాచ్ ఉండాలి, అందులోనూ ఎర్రర్ నంబర్ 1062 (డూప్లికేట్ ఎంట్రీ) అయితేనే, కాకపోతే మళ్లీ విసిరేయాలి. అదే పేజీలో డేటాబేస్ సర్వరే పడిపోతే ఆ ఫైల్ ఏం చేయగలదు? ఏమీ లేదు. అది పైకి పోవాలి, పైన ఉన్న ఒక్క హ్యాండ్లర్ లాగ్ రాసి, 500 పంపి, మర్యాదగా ఒక పేజీ చూపించాలి. ఈ లెక్కన వందల ఫైళ్లలో క్యాచ్‌లు ఎన్నో అక్కర్లేదు, చాలా కొద్దిచోట్లే పడతాయి.

పాతకాపు
ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది. లైవ్ సైట్ పడి ఉంటే రిపోర్ట్ ఆఫ్ లైను ఈరోజుకి పెట్టుకోవడం నేరమేం కాదు. కానీ దాని పక్కనే ఏ రోజు తీసేస్తామో కామెంట్ రాయండి. లేకపోతే మీ తర్వాత వచ్చేవాడు ఇలాంటి ప్రశ్నే అడుగుతాడు.

సెమీకోలన్
కామెంట్‌లో తేదీ రాసి ఆ తేదీకి తీసేసిన వాళ్లని ఇంతవరకు చూడలేదు నేను.

చిన్నచేప
మధ్యలో దూరుతున్నా, ఇన్సర్ట్‌కి ముందే సెలెక్ట్ చేసి మెయిల్ ఉందో లేదో చూసేస్తే ఎక్సెప్షన్ గొడవే ఉండదు కదా?

నల్లపూస
చూడొచ్చు, యూజర్‌కి త్వరగా చెప్పడానికి మంచిదే. కానీ అది చాలదు. బటన్ రెండుసార్లు నొక్కితే రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తాయి, రెండూ సెలెక్ట్ చేస్తాయి, రెండింటికీ "లేదు" అనే జవాబు, రెండూ ఇన్సర్ట్‌కి పోతాయి. ఆఖరి మాట డేటాబేస్‌లోని యూనిక్ కీదే, ఒకే మెయిల్‌ని రెండోసారి చేరనివ్వనిది అదే. కాబట్టి 1062 పట్టుకోవడం తప్పదు.

లాగ్_చదువరి
నాదొక అభ్యంతరం. మెయిల్ ఇప్పటికే ఉండటం అసలు ఎక్సెప్షనే కాదు, రోజూ జరిగేదే. అలాంటివి డేటాబేస్ పొరలో పట్టుకుని పైకి మామూలు ఫలితంగా ఇవ్వాలి, "చేరింది", "ముందే ఉంది" అన్నట్టు. పేజీ కోడ్‌కి మైఎస్క్యూఎల్ఐ అనే పేరు కూడా తెలియకూడదు. రేపు పీడీఓకి మారితే క్యాచ్‌లన్నీ మళ్లీ తిరగరాస్తారా?

నల్లపూస
ఒప్పుకుంటా. సొంత ఎక్సెప్షన్ క్లాస్ పెట్టి, అసలుదాన్ని మూడో ఆర్గ్యుమెంట్‌గా ప్రీవియస్‌లో ఇచ్చినా పని జరుగుతుంది. ఆ మూడోది మర్చిపోతే మాత్రం లాగ్‌లో పైపై కథే మిగులుతుంది.

లాగ్_చదువరి
ఆ మూడోది ఇవ్వని లాగులు చదివీ చదివీ ఈ పేరు పెట్టుకున్నాను. "సేవ్ కాలేదు" అని ఉంటుంది. ఎందుకు కాలేదు? దేవుడికే ఎరుక.

తెల్లపేజీ_బాధితుడు
సీనియర్ గారికి ఈ థ్రెడ్ చూపించాను. నవ్వారు గానీ ఒకటి అడిగారు, అది న్యాయంగానే ఉంది. రాత్రిపూట వేలమందికి మెయిళ్లు పంపే స్క్రిప్ట్ ఉంది, అందులో ఒక్క తప్పుడు అడ్రస్‌కి మొత్తం ఆగిపోతే ఎలా? అక్కడ ఖాళీ క్యాచ్ పెట్టకపోతే మిగతావాళ్లకి మెయిల్ పోదు కదా?

రాత్రి_డ్యూటీ
అక్కడ ఆయన సగం కరెక్ట్. లూప్ లోపల క్యాచ్ ఉండాలి, ఒకటి పోయినా మిగతావి నడవాలి. ఖాళీగా మాత్రం కాదు. ఏ రికార్డు, ఏ కారణం అని రాయాలి, లెక్క పెట్టాలి, చివర్లో ఒకటైనా పోయి ఉంటే సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగించాలి, అప్పుడే క్రాన్‌ని (వేళకి స్క్రిప్టులు నడిపేదాన్ని) చూసుకునే టూల్‌కి తెలుస్తుంది. ఇంకొకటి, వరసగా అన్నీ పోతుంటే అడ్రస్ తప్పు కాదు, మెయిల్ సర్వరే పడిందని అర్థం, అప్పుడు లూప్ ఆపేయాలి. నేను చేరకముందు మా దగ్గర ఒక స్క్రిప్ట్ ఉండేది, విఫలమైన ప్రతి మెయిల్‌కీ అడ్మిన్‌కి ఒక మెయిల్ పంపేది. మెయిల్ సర్వర్ పడిపోయిందని. మెయిల్‌లో.

సెమీకోలన్
😂😂 ఈ థ్రెడ్‌లో ఇప్పటికి ఇదే బెస్ట్.

చిన్నచేప
వార్నింగులని కూడా ఎక్సెప్షన్లుగా మార్చేయొచ్చని ఎక్కడో చదివాను, సెట్ ఎర్రర్ హ్యాండ్లర్‌లో ఎర్రర్ ఎక్సెప్షన్ విసిరితే. ఈయన సైట్‌కి అది చేస్తే అన్నీ ఒకే దారిలోకి వస్తాయి కదా?

పాతకాపు
కొత్త ప్రాజెక్ట్‌కి నేనూ అదే చేస్తాను. ఫైల్ గెట్ కంటెంట్స్ విఫలమైతే ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, ఆ ఫాల్స్ పట్టుకుని ఇంకో పది లైన్లు పోయాక ఎక్కడో పేలుతుంది. దానికంటే ఫైల్ దొరకని చోటే ఆగడం నయం. కానీ ఈయన సైట్‌లో అది ఈరోజు పెడితే రేపు పొద్దున హోమ్ పేజీ కూడా లేవదు. 8.1లో స్ట్రింగ్ ఫంక్షన్లకి నల్ ఇస్తే డిప్రికేటెడ్ అని నోటీసు వస్తుంది. ట్రిమ్, స్ట్రింగ్ లెంగ్త్, ఇలాంటివి పాత కోడ్‌లో వందలుంటాయి. అవన్నీ ఎక్సెప్షన్లయిపోతాయి. డిప్రికేటెడ్ రకాన్ని హ్యాండ్లర్‌లో విసరకుండా లాగ్‌కి మాత్రమే పంపాలి.

కోడ్_కాకి
@ సంగతి కూడా చెప్పండి. పాత హ్యాండ్లర్లలో "ఎర్రర్ రిపోర్టింగ్ సున్నా అయితే @ ఉన్నట్టే, వదిలేయ్" అని రాసేవాళ్లు. 8 నుంచి @ ఉన్నచోట అది సున్నా అవ్వదు, 4437 అవుతుంది, ఎందుకంటే ఫేటల్ రకాలని @ ఇక దాచదు. సున్నాతో పోల్చకుండా, వచ్చిన ఎర్రర్ స్థాయి ఆ విలువలో ఉందా అని బిట్ యాండ్‌తో చూడాలి. ఈ ఒక్క లైను మార్చక అప్‌గ్రేడ్ రోజు సైట్ పడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నడిస్తేచాలు
@ అంటే అందరికీ చులకన. ఫైల్ డిలీట్ చేసేటప్పుడు ఇంకో ప్రాసెస్ దాన్ని ముందే డిలీట్ చేసి ఉండొచ్చు, అక్కడ @ తప్ప ఏం పెడతారు? ఫైల్ ఉందా అని ముందు చూడమంటారా? ఇందాక మీరే చెప్పారుగా, చూసేలోపు మారిపోతుందని.

నల్లపూస
నిజమే, అక్కడ @ సరైన చోటే ఉంది. నాకు నచ్చకపోయినా.

నడిస్తేచాలు
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

గుండుసూది
అందరూ హ్యాండ్లర్ హ్యాండ్లర్ అంటున్నారు, మెమరీ అయిపోతే ఏ హ్యాండ్లరూ రాదని ఎవరూ చెప్పలేదే. మెమరీ లిమిట్ దాటడం, టైమ్ లిమిట్ దాటడం ఇప్పటికీ పాతకాలపు ఫేటల్ ఎర్రర్లే, త్రోవబుల్ కాదు, క్యాచ్‌కి చిక్కవు. వాటికి రిజిస్టర్ షట్‌డౌన్ ఫంక్షన్ పెట్టి, లోపల ఎర్రర్ గెట్ లాస్ట్ చూసి, ఫేటల్ రకమైతే లాగ్ రాసి 500 పేజీ ఇవ్వాలి. మెమరీ కేసులో ఆ లాగ్ రాయడానికి కూడా కాస్త చోటు కావాలి కదా, అందుకని కొందరు మొదట్లోనే ఒక వేరియబుల్‌లో కొన్ని కేబీలు నింపి ఉంచి, షట్‌డౌన్‌లో ముందు దాన్ని ఖాళీ చేస్తారు.

చిన్నచేప
భలే ఉంది ఇది.

తెల్లపేజీ_బాధితుడు
ఇప్పటికి చేసినవి: ఎర్రర్ రిపోర్టింగ్ సున్నా తీసేశాను, డిస్‌ప్లే ఆఫ్, లాగ్ ఆన్. పై హ్యాండ్లర్‌లో త్రోవబుల్ తీసుకుని లాగ్ రాసి, స్టేటస్ 500 నేనే పెట్టి, ఒక సాదా పేజీ చూపిస్తున్నాను. రిజిస్ట్రేషన్‌లో 1062 మాత్రమే పట్టుకుంటున్నాను. లాగ్ తెరిస్తే భయమేస్తోంది, పేజీ కిందికి జరుపుతూనే ఉన్నాను.

లాగ్_చదువరి
అవేం కొత్తగా పుట్టినవి కాదు, ఇన్నాళ్లూ ఉన్నవే. ఒకే ఫైల్, ఒకే లైను వారీగా గుంపు చేసి ఎక్కువసార్లు వచ్చేవి ముందు చూడండి. ఆ సాదా పేజీ మీద ఒక చిన్న కోడ్ చూపించి, అదే కోడ్ లాగ్ లైనులోనూ రాయండి. యూజర్ ఫోన్ చేసి "ఏదో ఎర్రర్ వచ్చింది" అన్నప్పుడు ఆ కోడ్ చదవమంటే చాలు. అసలు మెసేజ్ మాత్రం పేజీ మీద వద్దు.

రాత్రి_డ్యూటీ
ట్రేస్‌లో ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు లాగ్‌లోకి పోకుండా "జెండ్ ఎక్సెప్షన్ ఇగ్నోర్ ఆర్గ్స్" ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, 7.4 నుంచి ఉంది. లేకపోతే లాగిన్ ఫంక్షన్‌లో ఏదైనా పేలితే పాస్‌వర్డ్ లాగ్‌లో పడుతుంది. 8.2కి వెళ్తే పారామీటర్ మీదే సెన్సిటివ్ అని గుర్తు పెట్టొచ్చు.

సెమీకోలన్
ఆర్డర్లు, పేమెంట్ల లాంటి పేజీలున్నాయా అందులో? ట్రాన్సాక్షన్ల చుట్టూ ఉన్న క్యాచ్‌లు కూడా ఒకసారి చూడండి. రోల్‌బ్యాక్ చేసి (మార్పులన్నీ వెనక్కి తీసి) మళ్లీ విసరకుండా వదిలేసిన క్యాచ్ ఉంటే, డేటా సేవ్ కాదు, యూజర్‌కి మాత్రం "విజయవంతం" అని వస్తుంది.

తెల్లపేజీ_బాధితుడు
చూశాను. ఒకచోట క్యాచ్‌లో రోల్‌బ్యాక్ చేసి విసురుతున్నారు, అంతవరకు బాగానే ఉంది, కానీ కింద ఫైనల్లీలో రిటర్న్ ట్రూ అని ఉంది.

గుండుసూది
అయ్యో. ఫైనల్లీలో రిటర్న్ ఉంటే విసిరిన ఎక్సెప్షన్ అక్కడికక్కడే మాయం. పైవాళ్లకి ట్రూ ఒక్కటే అందుతుంది. ఆ రిటర్న్‌ని ట్రై లోపలికి, కమిట్ తర్వాతకి మార్చండి. ఫైనల్లీలో ఫైల్ మూయడం, లాక్ వదలడం లాంటివి తప్ప ఇంకేం వద్దు.

కోడ్_కాకి
వేరే ఫైళ్లలోనూ ఉందేమో వెతకండి, ఇలాంటివి కాపీ పేస్ట్‌లో పాకుతాయి.

తెల్లపేజీ_బాధితుడు
వెతికాను, ఇంకో ఐదు చోట్ల ఉంది. సీనియర్ గారు ఈసారి నవ్వలేదు, ఆ ఫైళ్లు తనే చూస్తానన్నారు.